చుక్కలు పంపని వెలుగు

ఆండ్రోమెడా గెలాక్సీ కాంతి 25 లక్షల సంవత్సరాలు పయనించి భూమిని చేరుతుంది. రాత్రంతా మేలుకొని దానిని బంధించిన ఔత్సాహికుడు, చిత్రాలన్నిటినీ ఒకటిగా పేర్చి చూస్తే, ఒక మూలనుండి మరో వెలుగు ఎగబాకి కనిపిస్తుంది. అది ఆకాశానిది కాదు, కెమెరాదే.

సెన్సర్ అంచున పనిచేసే విద్యుత్ వలయాల వేడిమి, పరారుణ కాంతి దానికి మూలం. ఎన్ని చిత్రాలు పేర్చినా అది పోదు. తావు మార్చే మచ్చలు సగటులో సమసిపోతాయి. తావు మార్చని వెలుగు నిలిచిపోతుంది.

విరుగుడు చీకటే. కెమెరాకు మూత బిగించి, అదే వ్యవధి, అదే ఉష్ణోగ్రత, అదే గెయిన్‌తో ఓ 30 చిత్రాలు తీసి, వాటి సగటును ప్రతి ఆకాశచిత్రం నుండీ, పేర్చకముందే తీసివేయాలి. 60 సెకన్ల చీకటిని అయిదింతలు చేసి 300 సెకన్ల చిత్రానికి వాడరాదు. ఈ వెలుగు కాలానికి సరిసమంగా పెరగదు. మూల నల్లబడిందంటే కొలతలు కుదరలేదన్నమాటే. కుదిరిననాడు ఆ దూరపు కాంతి తేటగా కనబడుతుంది.