కొలంబో (టెలివిజన్ ధారావాహిక)

కొలంబో అమెరికాకు చెందిన ఒక ప్రసిద్ధ అపరాధ పరిశోధక ధారావాహిక. రిచర్డ్ లెవిన్సన్, విలియం లింక్ అను రచయితలు దీనిని సృష్టించారు. లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో హత్యానేరాల విభాగానికి చెందిన లెఫ్టినెంట్ కొలంబో ఇందులో కథానాయకుడు. ఈ పాత్రను పీటర్ ఫాక్ (1927-2011) పోషించి, నాలుగుసార్లు ఎమ్మీ పురస్కారం పొందాడు.

ప్రసారం

పీటర్ ఫాక్ 1968లో ఒక టెలివిజన్ చిత్రంలో తొలిసారిగా ఈ పాత్ర ధరించాడు. ధారావాహిక 1971 నుండి 1978 వరకు ఎన్.బి.సి.లోనూ, 1989 నుండి 2003 వరకు ఏ.బి.సి.లోనూ ప్రసారమైంది. మొత్తం భాగాలు 69.

కథన పద్ధతి

సాధారణంగా ఇటువంటి కథలలో హంతకుడెవరో చివరివరకు తెలియదు. ఇందులో మాత్రం దాదాపు ప్రతి భాగంలోనూ హత్య ఎవరు, ఎలా చేశారో మొదటే చూపిస్తారు. కనుక ప్రేక్షకుల కుతూహలమంతా హంతకుడు ఏ పొరపాటు వలన పట్టుబడతాడన్న దానిపైనే ఉంటుంది. దోస్తోయెవ్‌స్కీ నవల "నేరము - శిక్ష"లోని పోర్ఫిరీ పెత్రోవిచ్ పాత్ర కొలంబో సృష్టికి ప్రేరణ.

ఆదరణకు కారణాలు

ఇందులోని హంతకులు ఎక్కువగా ధనవంతులు, మేధావులు, పలుకుబడి గలవారు. నలిగిన వానకోటు, నోట్లో చుట్ట, పాత పెజో కారుతో వచ్చే కొలంబోను వారు చులకనగా చూస్తారు. అతడు కోపగించుకోడు, భార్యను గురించి ముచ్చట్లు చెబుతూనే, పొంతన కుదరని చిన్న చిన్న విషయాలను గమనిస్తాడు. సెలవు తీసుకొని గుమ్మం దాటబోతూ ఆగి, "ఇంకొక్క సంగతి" అంటూ అసలు ప్రశ్న వేస్తాడు. తుపాకీతో గాక ఓర్పుతో, పరిశీలనతో ఒక సామాన్యుడు అహంకారులను చట్టానికి అప్పగించడమే ఈ కథలలోని ఆకర్షణ. అందుచేతనే ఇవి నేటికీ పాతబడలేదు. 2014లో హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో కొలంబోకు, అతని కుక్కకు విగ్రహాలు నెలకొల్పారు.