ఏడుగురు పిల్లలు, ఒక చాట, ఇరవై మూడేళ్ల ఇంటి బడి

మా ఇంటి బడికి గంట లేదు. కింద కారఖానాలో సాయంత్రం ఏడింటికి పాళీ మారేటప్పుడు సాంచాలు కాసేపు ఆగుతాయి. ఆ కాసేపే మా గంట. చప్పుడు మళ్లీ మొదలయ్యేలోపు పిల్లలంతా గోడవారగా చాప మీద కూర్చోవాలి. నా ముందు బీడీల చాట, వాళ్ల ముందు పలకలు. 2002లో ఒక్క పలకతో మొదలైన ఈ బడి ఏడు పలకల దాకా పెరిగింది. 2025లో మా చిన్నోడు పదో తరగతి పాసైన రోజున ముగిసింది.

ఏడుగురూ నా పిల్లలు కారు. నావాళ్లు నలుగురు, మా మరిదివాళ్లు ముగ్గురు. రెండు గదులు, ఒక పొయ్యి, అందరం ఒకే కప్పు కింద. షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు 1877లో మొదలైంది. ఆ తర్వాత తరతరాలుగా మన చేనేత కుటుంబాలు బతుకు వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చాయి. మా అత్తగారి వాళ్లు కూడా అట్లాగే కరీంనగర్ జిల్లా నుంచి వచ్చినవాళ్లు. మగవాళ్లది చద్దర్ల కారఖానా, ఆడవాళ్లది బీడీల పని. మీలో చాలామంది ఇండ్లూ ఇంతే కదా.

పిల్లల చదువు గురించి రాయమంటే మొదట వద్దన్నాను. మా ఇంట్లో డాక్టర్లు, ఇంజనీర్లు ఎవరూ కాలేదు. అయినా ఒక మాట చెప్పాల్సి ఉంది. అది చివర్లో చెప్తాను. ముందు ఈ బడి ఎట్లా నడిచిందో వినండి.

బడి మరాఠీ, ఇల్లు తెలుగు

నేను మా ఊళ్లో తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఇక్కడికి కోడలిగా వచ్చాక బస్సు మీది పేరు కూడా చదవలేకపోయాను. మా పెద్దమ్మాయిని మరాఠీ బడిలో వేసిన మొదటి నెలలోనే టీచరమ్మ పిలిచి, "ఇంట్లో అభ్యాస్ చేయించండి" అన్నది. అక్షరమే తెలియని నేను ఏం చేయించాలి? ట్యూషన్ అడిగితే నెలకు చెప్పిన ఫీజు నేను నాలుగు రోజులు చుట్టిన బీడీల కూలి. ఒక్క పిల్లకు సరే, వెనకాల ఇంకా పిల్లలు ఉన్నారు.

అందుకే ఒక ఒప్పందం చేసుకున్నాం. అది బడిలో నేర్చుకున్న మరాఠీ అక్షరం సాయంత్రం నాకు నేర్పాలి, నేను దానికి తెలుగు అక్షరం నేర్పాలి. రెండింటిలోనూ క, ఖ, గ, ఘ వరుస ఒకటే కాబట్టి సులభమే అనుకున్నాను. చిక్కులు తర్వాత తెలిశాయి. మరాఠీలో ఎ, ఏలకు ఒకటే అక్షరం. ఒ, ఓలకూ అంతే. కాబట్టి మా పిల్లలకు "మెడ" రాయమంటే "మేడ" రాసేవాళ్లు, "ఒడి" అంటే "ఓడి". ఒత్తులైతే మరీ కష్టం. "పుస్తకం" రాసేటప్పుడు మరాఠీలో "స" సగమై "త" నిండుగా ఉంటుంది. మనకు "స" నిండుగా ఉండి "త" కిందికి పోతుంది. తిట్టి కొట్టి ఏం లాభం? తప్పు వాళ్ల బుర్రలో లేదు, రెండు లిపుల మధ్య ఉంది. అది అర్థమయ్యాక నా చెయ్యి లేవలేదు.

లెక్కల్లో మాత్రం మన తెలుగే ఆదుకుంది. మరాఠీలో 27ని "సత్తావీస్" అంటారు. అంటే ఏడు ముందు, ఇరవై తర్వాత. చెవికి ఏడు ముందు వినపడుతుంది కాబట్టి పిల్ల 72 రాస్తుంది. 29 అయితే "ఏకోణ్‌తీస్", ముప్ఫైకి ఒకటి తక్కువ. ఇది విని మా రెండోవాడు ముప్ఫై ఒకటి రాశాడు. నేను "ఇరవై ఏడు" అని మన మాటలో చెప్పగానే ముందు రెండు, తర్వాత ఏడు సరిగ్గా పడేది. 2019లో మహారాష్ట్ర రెండో తరగతి లెక్కల పుస్తకంలో అంకెలను ఇట్లాగే "వీస్ ఏక్" అని పలికించే పద్ధతి పెట్టినప్పుడు పెద్ద గొడవ జరిగింది. మా చాప మీద అది అంతకు పదిహేనేళ్ల ముందు నుంచే నడుస్తున్నది.

ఎక్కాలు కూడా పనిలోంచే వచ్చాయి. కట్టకు 25 బీడీలు, నలభై కట్టలైతే వెయ్యి. ఇరవై ఐదో ఎక్కం మా పిల్లలందరికీ నిద్రలో లేపి అడిగినా వచ్చు.

ఒక గది, ఏడు తరగతులు

బయటివాళ్లు "ఇంట్లోనే చదివించుకుంటున్నరు, ఎంత బాగుంది" అంటారు. వచ్చి కూర్చుంటే తెలుస్తుంది. ఒకడికి భాగహారం, ఒకదానికి కవిత కంఠపాఠం, ఇంకొకడికి అ ఆలు. పాకే పిల్ల వచ్చి పలక మీద ఉన్నదంతా చేత్తో తుడిచేస్తుంది. ఒక్క బల్బు కింద ముందు ఎవరు కూర్చోవాలో రోజూ పంచాయితీ. నా చేతులేమో చాట మీద. పొద్దున కంపెనీలో వెయ్యి అప్పజెప్పకపోతే కూలి లేదు.

కొన్నేళ్లకు ఒక పద్ధతి కుదిరింది. చదివేవాళ్లు గట్టిగా చదవాలి, ఎందుకంటే నేను చూడలేను, వినగలను. రాసేవాళ్లు వెనక గోడ దగ్గర. మరాఠీ మాకంటే బాగా వచ్చిన పిల్ల మిగతావాళ్లది దిద్దాలి. కాగితం కొనేది పరీక్షల ముందే. మిగతా రోజుల్లో సుద్దముక్కతో గచ్చు మీద. తెలుగు చదవడానికి గోడమీది క్యాలెండరు, పెండ్లి పత్రికలు, మా నాయిన ఊరినుంచి రాసే కార్డులు. కార్డు వచ్చిన రోజు ఎవరు చదవాలని కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు ఊరినుంచి ఫోన్లో మాట వస్తుంది, కార్డు రాదు. చివరి ఇద్దరికి తెలుగు చదవడం సరిగ్గా రాకపోవడానికి అదే కారణమని నాకనిపిస్తుంది. వాళ్లకు తెలుగులో చదవాల్సిన అవసరమే పడలేదు.

ఏళ్లకేళ్లు ఒకే తీరుగా నడిచిందని అనుకోవద్దు. పెండ్లిళ్లకు ఊరికి పోతే పదిహేను రోజులు బడి బంద్. శ్రావణ పున్నమికి మార్కండేయుడి ఊరేగింపు వారం ముందునుంచే పిల్లల మనసు వీధిలో ఉండేది. మా మరిది చెయ్యి సాంచాలో పడి నలిగిన ఏడు, మూడు నెలలు పలక తీయలేదు. నేర్చుకున్నదేమిటంటే, ఆగిన బడిని మళ్లీ మొదలుపెట్టేటప్పుడు పోయిన పాఠాలన్నీ ఒకేసారి మింగించకూడదు. మొదటి రోజు పదిహేను నిమిషాలు చాలు. చాప పరిస్తే చాలు.

ఫీజు కట్టిందెవరు

ఇప్పుడు అసలు మాట.

2009లో మా అత్తకు పక్షవాతం వచ్చింది. అదే ఏడు మా తోడికోడలికి చిన్నోడు పుట్టాడు. నాకు రోజుకు వెయ్యి బీడీలు. ఇంట్లో ఒక మనిషి తక్కువైంది. అప్పుడు పెద్దమ్మాయి ఏడో తరగతి పాసయింది, పదమూడేళ్లు. "ఒక్క ఏడాది ఆగితే ఏమైతది?" అన్నాం. ఎవరు ముందన్నారో గుర్తు లేదు. నేనూ అన్నాను, అది మాత్రం గుర్తుంది.

ఆ ఒక్క ఏడాది ఏడేండ్లయింది. పొద్దున ముసలమ్మకు స్నానం, మధ్యాహ్నం పిల్లలకు తిండి, మధ్యలో నాకు సాయంగా ఐదొందల బీడీలు, సాయంత్రం చాప మీద టీచరు. నిజం చెప్పాలంటే నాకన్నా బాగా చెప్పేది. బస్తీలో అందరూ "నీ బిడ్డ బంగారం, ఆరుగురిని చదివిస్తున్నది" అనేవాళ్లు. ఆ మాట విని నేను పొంగిపోయాను.

2016లో ఒక సాయంత్రం మా రెండో అమ్మాయి బీజగణితం లెక్క తెచ్చి అక్క ముందు పెట్టింది. అప్పుడది ఎనిమిదో తరగతి. పెద్దది చాలాసేపు చూసి, పుస్తకం మెల్లగా మూసి, "నాకు రాదే. నేను ఈడి దాక రాలే" అన్నది. కోపంగా కాదు, మామూలుగా. నా చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది. ఇన్నేళ్లూ మా ఇంటి బడికి ఫీజు లేదని చెప్పుకున్నాను. ఆ ఫీజు కట్టింది నా పెద్ద బిడ్డ.

ఆ రాత్రి మా ఆయనతో అన్నాను, "దాన్ని మళ్లీ చదివించాలె." "ఇరవై ఏండ్లొచ్చినయ్, పెండ్లి చూడాలె గని," అన్నాడు. "చదివినంక చూద్దాం," అన్నాను. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఎనిమిదో రోజున తనే అడిగాడు, "ఫారం ఎక్కడిస్తరట?"

17 నంబరు ఫారం

బడి మానేసినవాళ్లు మహారాష్ట్ర బోర్డు పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కూర్చోవడానికి 17 నంబరు ఫారం ఉంది. మన బస్తీల్లో పేరు అందరూ విన్నారు, నింపినవాళ్లు తక్కువ. దానికి ముఖ్యమైన కాగితం బడి విడిచిన దాఖలా. మాది ఏడేళ్ల పాతది, బియ్యం డబ్బా అడుగున దొరికింది. ఫారం పరీక్షకు చాలా నెలల ముందే నింపాలి, పిల్లలు బడి మానేసినా దాఖలా జాగ్రత్తగా దాచాలి. ఈ రెండూ మరచిపోవద్దు. తెలుగులోనే రాయాలనుకునేవాళ్లకు జాతీయ సార్వత్రిక విద్యాలయం ఉంది. అక్కడ పద్నాలుగేళ్లు నిండినవాళ్లు పదో తరగతికి చేరవచ్చు. ఐదేళ్లలో తొమ్మిదిసార్లు దాకా పరీక్ష రాసే వీలుంటుంది, ఒక్కో సబ్జెక్టు పాసవుతూ పోవచ్చు.

మా పిల్ల ఫారం నింపాక చాప మీద వరుస మారింది. సాయంత్రం మొదటి గంట దానిది. అప్పుడు ఎవరూ దాన్ని ఏదీ అడగకూడదు. చిన్నోడు ఏడిస్తే నేను ఎత్తుకోవాలి, బీడీలు తక్కువైతే తక్కువే. రోజుకు రెండొందల బీడీల కూలి పోయింది. రెండో అమ్మాయే అక్కకు బీజగణితం చెప్పింది. 2017 మార్చిలో లెక్కలు తప్ప అన్నీ పాసయింది. జులైలో లెక్కలు మళ్లీ రాసింది. 38 మార్కులు వచ్చాయి. పాసవడానికి 35 కావాలి. ఆ మూడు మార్కులు ఎక్కువ వచ్చినందుకు మా ఆయన గల్లీ అంతా పేడాలు పంచాడు.

2018లో పెండ్లయి రెండు గల్లీల అవతలికి పోయింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు ఇంట్లో ఇంకా ముగ్గురు చదువుకునే పిల్లలు, ఒకే ఫోను, కారఖానా బంద్. పాఠాలు ఫోన్లోకి వచ్చేవి, ముగ్గురికీ ఒకేసారి. అప్పుడు పెద్దమ్మాయి తన ఫోను పట్టుకుని రోజూ వచ్చింది. ఈసారి ఎవరూ రమ్మనలేదు. రాగానే మొదటి మాట, "నా గంట అయినంకనే మీకు." అప్పటికి పన్నెండో తరగతికి చదువుతున్నది.

ఇరవై మూడేళ్లలో నాకు తెలిసింది ఇంతే. పెద్ద కుటుంబంలో చదువు నడవాలంటే ఎవరో ఒకరు నడపాలి, ఆ ఒకరు చాలా ఇండ్లలో పెద్ద ఆడపిల్లే. తమ్ముళ్లకు చెప్పనివ్వండి, చెప్తే దానికీ చదువు గట్టిపడుతుంది. కానీ దాని బడి మాన్పించి ఇంటి బడి నడపకండి. అందరి పలకల కంటే ముందు దాని పలక తుడవండి.

మీ ఇంట్లోనూ తమ్ముళ్లను, చెల్లెళ్లను చదివించే పిల్ల ఉండే ఉంటుంది. ఈ సాయంత్రం ఒక్కసారి ఆ పిల్ల సొంత పుస్తకం ఎక్కడుందో అడగండి.