వడ్లకు వెల కట్టువారెవరు?

2024వ సంవత్సరము నవంబరు నెలాఖరున ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ రేవునకు వెళ్లి, తీరమునకు దూరముగా లంగరు దించి నిలిచిన ఒక విదేశీ నౌకలోనికి పేదల చౌకదుకాణపు బియ్యము చేరినదని ఆగ్రహించి, ‘సీజ్ ద షిప్’ అని అధికారులను ఆదేశించిన దృశ్యమును తెలుగువారిలో ఫోను చేతగలవారందరును చూచియే యుందురు. ఆ మాట మరునాటికే మీములై, పరిహాసములై ఊరూర వ్యాపించినది. అయితే ఆ సందడిలో ఎవరును అంతగా అడుగని ప్రశ్న యొకటి మిగిలిపోయినది: ప్రభుత్వము కిలో ఒక్కింటికి దాదాపు 40 రూపాయలు వ్యయపరచి, కొని, మర పట్టించి, గిడ్డంగులలో నిలువచేసి, 2023 జనవరి నుండి పైసా పుచ్చుకొనకుండ పంచిపెట్టుచున్న ఈ బియ్యమును, దానిని అందుకొన్న గృహిణియే వీధిలోనికి వచ్చిన బేరగానికి అందులో మూడవవంతు వెలకో నాల్గవవంతు వెలకో ఏల అమ్మివేయుచున్నది? దొంగను పట్టుట పోలీసుల పని. వస్తువు దొంగదారి ఎందుకు పట్టినదో విచారించుట పౌరుల పని.

కారణము ఆమె వంటింటిలోనే యున్నది. ఆ ఇంట ఆ అన్నము తినరు. కూలిపని చేసుకొను కుటుంబము మొదలు కలిగినవారి వరకు తెలుగునేలపై సన్నబియ్యమునకు అలవాటుపడి చాలకాలమైనది. 1986లో బాపట్ల పరిశోధనాక్షేత్రము నుండి వెలువడిన బీపీటీ 5204, అనగా సాంబమసూరి, ఆ అలవాటును స్థిరపరచినది. తినువారు సన్నమును కోరుచుండగా పండించువాడు దొడ్డువడ్ల వైపు ఏల మొగ్గునని అడిగినచో, దానికి సమాధానము ఢిల్లీలో అచ్చగు ధరల పట్టికలో దొరకును. కనీస మద్దతు ధరలో వరికి ఉన్నవి రెండే మెట్లు: సాధారణ రకము, ‘ఏ’ గ్రేడు. 2025-26 సంవత్సరమునకు మొదటిదానికి క్వింటాలుకు 2,369 రూపాయలు, రెండవదానికి 2,389. ఇరువది రూపాయల అంతరము! సాంబమసూరి ఐదునెలలు పొలములో నిలువవలెను. అగ్గితెగులునకును దోమపోటునకును సులభముగా లొంగును. మారుటేరు వారి 1010 రకము నాలుగు నెలలకే చేతికి వచ్చును, గింజ నిండుగా దిగును. రెండింటికిని కాంటా యొద్ద వెల ఇంచుమించు ఒకటే యైనప్పుడు దేనిని నాటవలెనో రైతునకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఈ విధముగా ప్రభుత్వము కొనునది ప్రజ తిననిది. ప్రజకు ఇచ్చునది ప్రజ అమ్ముకొనునది. ఆ అమ్మినది మరల మరకు చేరి, మెరుగు పట్టి, సంచి మార్చుకొని రేవు చేరును. తినువాని కోరికను పండించువానికి తెలియజేయు సాధనము వెల యొక్కటే. ఆ సాధనమును మధ్యలో ఎవరో పట్టుకొని కూర్చున్నపుడు ఇట్టి వింతలు జరుగకుండుటయే వింత.

ఈ వాదము నిన్న మొన్న పుట్టినది కాదు. 1952లో రాజాజీ మదరాసు ముఖ్యమంత్రి అగునాటికి కోస్తా, రాయలసీమ జిల్లాలింకను ఆ రాష్ట్రములోనివే. యుద్ధకాలమునాటి రేషను కార్డులు, ధాన్యసేకరణాధికారులు, బస్తా కదలుటకు పర్మిట్లు, యుద్ధము ముగిసి ఏడేండ్లయినను అట్లే సాగుచుండెను. ఆయన పదవికి వచ్చిన కొలది వారములకే ఆ నియంత్రణలను ఎత్తివేయగా, కరవు తప్పదని జోస్యము చెప్పినవారు పలువురు. కరవు రాలేదు, అంగళ్లకు ధాన్యము వచ్చినది. కేంద్రమున ఆహారమంత్రి రఫీ అహమ్మద్ కిద్వాయి అదే దారిని నడచి 1954 నాటికి దేశమంతటను నియంత్రణలను సడలించెను. ఆ స్వేచ్ఛ ఎంతోకాలము నిలువలేదు. 1957లో ఆంధ్ర, మదరాసు, మైసూరు, కేరళ రాష్ట్రములను కలిపి దక్షిణ మండలమని గిరి గీసిరి. అటుతరువాతి దశకమున రాష్ట్రమునకొక మండలమై, గోదావరి డెల్టాలో బియ్యము చౌకయై రైతు నష్టపడుచుండగా కేరళలో అదే బియ్యము ప్రియమై తినువాడు నష్టపడు స్థితి దాపురించినది. 1965 జనవరిలో తంజావూరున తొలి జిల్లా కార్యాలయముతో భారత ఆహార సంస్థ వెలసినది.

నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా, నాగపూరు కాంగ్రెసు చేసిన సహకార సమష్టి వ్యవసాయ తీర్మానమును నిరసించి, 1959లో కాంగ్రెసును విడిచి, రాజాజీ, మీనూ మసానీలతో కూడి స్థాపించిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడైన కథ నేటి యువకులకు అంతగా తెలియదు. దానిని జమీందారుల పక్షమని గేలి చేయుట ఆనాటి వాడుక. జమీందారులును సంస్థానాధీశులును అందు లేకపోలేదు గాని, గీతకార్మికుల నాయకుడు గౌతు లచ్చన్న అందేల ఉండెనో ఆ గేలి చేసినవారు చెప్పలేకపోయిరి. 1967లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29 స్థానములు గెలిచిన ఆ పక్షము 1974లో భారతీయ లోక్‌దళ్‌లో లీనమై పేరు కూడ మిగులకుండ పోయినది. పక్షము పోయినను, అది ఎత్తిచూపిన చిక్కు పోలేదు.

ఆ చిక్కునకు ‘లెవీ’ అని పేరు. ఆంధ్రప్రదేశ్‌లో మిల్లరు తాను ఆడించిన బియ్యములో నూటికి 75 వంతులు ప్రభుత్వము నిర్ణయించిన వెలకు అప్పగించి, మిగిలిన 25 వంతులు మాత్రమే బజారున అమ్ముకొనవలసి యుండెను. మొదటి భారము మిల్లరుపై పడినట్లు కనబడును. కాని తన చేతిలో నాలుగవ వంతునకు మాత్రమే స్వేచ్ఛ యున్నవాడు కళ్లమునకు వచ్చి ఎంత వెల ఇయ్యగలడో డెల్టా రైతునకు బాగుగా తెలియును. కూలి, ఎరువు, కోతయంత్రపు బాడుగ పెరిగినవి. వడ్ల వెల లెవీ యెత్తు దాటి పెరుగలేదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు పొలములను బీడుపెట్టి, దానికి ‘పంట విరామ’మని పేరుపెట్టిరి. కాలువనీరు గట్లవరకు నిండి పారుచుండగా, దుక్కి లేని మళ్లలో తుంగ మొలచుట ఆ ప్రాంతమున పెద్దలు సైతము చూచి యెరుగని దృశ్యము. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన సంఘమును వేసి కారణములను విచారింపజేసినది. లెవీ మాత్రము 2015 అక్టోబరు వరకు బ్రతికినది.

అటుతరువాత తెలంగాణ వేరొక దారిని పట్టినది. 2018 జనవరి నుండి సేద్యమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు, 2019 జూన్‌లో కాళేశ్వరము ఎత్తిపోతల పథకము. బోరుబావులు ఆగక పోసినవి, చెరువులు నిండినవి, యాసంగిలో సైతము వరి విస్తరించినది. దీనిని విజయమనకుండుట అన్యాయము. కాని నీటికిని విద్యుత్తునకును వెల లేదని చెప్పిన ప్రభుత్వమే, పండిన పంటను కొనువాడు లేడని ఒకనాడు విలపింపవలసివచ్చినది. యాసంగి పంట ఎండలు ముదిరిన నెలలలో కోతకు వచ్చును. ఆ వేడికి గింజలో సన్నని పగుళ్లేర్పడి, పచ్చిబియ్యముగా మర ఆడించినచో నూక అధికమగును. ఆహార సంస్థ పచ్చిబియ్యములో నూటికి 25కు మించి నూక నొప్పుకొనదు. అందువలన వడ్లను ఉడికించి, ఆరబెట్టి ఉప్పుడుబియ్యము చేయుట ఇక్కడి మిల్లుల వాడుక. ఆ ఉప్పుడుబియ్యమును తిను రాష్ట్రములు తామే వరి పండించుకొని సేకరించుకొనుచుండుటచే, ఇకమీదట అది మాకు వలదని కేంద్రము చెప్పినది. నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు యాసంగిలో వరి వేయవలదని రైతులను కోరి, 2021 నవంబరు 18న ఇందిరాపార్కు వద్ద, 2022 ఏప్రిల్ 11న ఢిల్లీలో ధర్నాకు కూర్చుండి, ఆ మరునాడే రాష్ట్రప్రభుత్వమే వడ్లను కొనునని నిర్ణయించెను. ఏ పంట వేయవలెనో, ఏది వేయరాదో సచివాలయమున నిర్ణయించి గ్రామమునకు తెలుపు దుస్థితికి ఒక ప్రజాస్వామ్య ప్రభుత్వము ఎట్లు చేరినదో ఆలోచించుట మాని, మన రాజకీయపక్షములు తప్పు కేంద్రముదా రాష్ట్రముదా అని మాత్రము వాదించుకొన్నవి.

ఈ వాదోపవాదములకు దూరముగా, కొనుగోలు కేంద్రమునొద్ద ఏప్రిల్ నెలలో ఒక పూట నిలుచుండిన చాలును. వడ్లు తారురోడ్డుపై సగము వెడల్పున ఆరబోసి యుండును. రైతు చెప్పులు విడిచి, కాలితో చాళ్లుగా నెరపుచు తిరుగుచుండును. తేమ 17 శాతమునకు దిగినదని యంత్రము చూపువరకు కాంటా లేదు. తేమ దిగినచో గోనెసంచులు లేవు. సంచులు వచ్చినచో హమాలీలు లేరు. హమాలీలు దొరికినచో లారీ రాదు. ఈలోపల ఆకాశము మబ్బు పట్టినచో బాడుగ టార్పాలిన్ల కొరకు పరుగులు. చివరకు బస్తా మిల్లు చేరిన తరువాత, తాలు అధికమని సంచికింత చొప్పున ‘తరుగు’ తీసివేసితిమని ఫోను వచ్చును. మద్దతు ధర గెజెట్టులో పూర్ణముగా నుండును; రైతు ఖాతాలో పడునది తరుగు పోగా మిగిలినది. పోటీకి మరియొక కొనుగోలుదారుడు ఎదుట నిలిచియున్నచో ఆ తరుగు మాట అంత సులువుగా నోటికి వచ్చెడిదేనా?

ఆ మరియొక కొనుగోలుదారుడు రాకుండ తలుపు మూయుట యందు ఢిల్లీ ప్రభుత్వమునకు, అది ఏ పక్షముదైనను, గొప్ప అలవాటు కలదు. 2008 వసంతమున బాస్మతియేతర బియ్యపు ఎగుమతిని నిషేధించి, 2011 సెప్టెంబరున గాని తలుపు తెరువలేదు. కోనసీమ పంట విరామము ఆ నిషేధపు చివరిదినములలోనిదే యని గుర్తింపవలెను. 2023 జూలై 20న తెల్లబియ్యపు ఎగుమతిని మరల ఆపిరి. ఆ వార్త వినిన వెంటనే అమెరికాలోని తెలుగువారు అంగళ్ల యెదుట బారులు తీరి సోనామసూరి సంచులను కార్లకెత్తుకొన్న చిత్రములు ఇక్కడి టీవీలలో నవ్వు పుట్టించినవి. నవ్వదగినది కాదది. కొనుటకు అంత ఆతురపడు ఖాతాదారుడు ఎదుట నుండగా, కాకినాడ రేవులో బియ్యపు గుమ్మము మూతబడినది. మరల తెరచునప్పటికి 2024 సెప్టెంబరు. వెల పెరిగినప్పుడు రేవు మూసి, వెల పడిపోయినప్పుడు మద్దతు ధరను చూపు నీతిలో, పట్టణపు తినువాని యెడల ప్రేమ కలదు గాని పండించువాని యెడల న్యాయము లేదు. చేసికొన్న ఒప్పందముల మేరకైనను సరకు పోనిచ్చుట విదేశములలో మన మాటకు విలువ నిలుపుకొనుటకు అవసరము.

ఇంతవరకు చదివిన ప్రత్యర్థి ఒకడు, 1943 నాటి వంగదేశపు కరవును మరచితివా యని అడుగును. మరువలేదు. ఆ సంవత్సరమున తిండి కొరకు బజారునకే విడువబడిన పేదవాడు లక్షల సంఖ్యలో మరణించెను. అదే సమయమున రాష్ట్రములు తమ సరిహద్దులను మూసికొని బియ్యమును పోనీయకుండుట ఆ మరణములను పెంచినదని కూడ మరువరాదు. అతడే బీహారు మాట యెత్తినచో సమాధానము చెప్పుట ఇంకను కష్టము. ఆ రాష్ట్రము 2006లో మార్కెట్ యార్డుల చట్టమునే రద్దు చేసినది. అయినను అక్కడి రైతు తన వడ్లను మద్దతు ధరకంటె తక్కువకే పలుమార్లు అమ్ముకొనుచున్నాడు. గిడ్డంగి, రోడ్డు, నిలువ సరకుపై అప్పు ఇచ్చు బ్యాంకు, తూకమునందు నమ్మకము, ఇవేవియు లేకుండ చట్టము ఒక్కటి తీసివేసినంత మాత్రమున విపణి తనంతట తాను మొలకెత్తదని మావంటివారు ఒప్పుకొనవలెను. 2020 సెప్టెంబరులో తగినంత చర్చ లేకుండ ఆమోదింపబడిన మూడు సాగుచట్టములు 2021 నవంబరులో వెనుకకు తీసికొనబడుటకు పంజాబు రైతుల పట్టుదల యెంత కారణమో, ఈ నమ్మకమును ముందుగా కలిగింపకపోవుటయు అంతే కారణము.

మరి చేయదగినదేమి? విచిత్రముగా దానికి దారి చూపినది కూడ తెలంగాణయే. 2018 మే 10న ఆరంభమైన రైతుబంధు, ఎకరమునకు పంటకు 4,000 రూపాయలు, పిదప 5,000 రూపాయలు నేరుగా రైతునకు అందజేసినది. ఏ పంట వేసితివని అడుగలేదు, ఎవరికి అమ్మితివని అడుగలేదు. వెలను వక్రింపజేయకుండ రైతును ఆదుకొను ఉపాయములలో ఇంతకంటె సులువైనది ప్రస్తుతము కనబడదు. వడ్లు కొను వ్యయములో కొంత భాగమును ఈ దారికి మళ్లించి, ఆహార సంస్థను ఆపత్కాలపు నిలువలకు పరిమితము చేసినచో, సన్నమునకు సన్నపు వెలయు దొడ్డునకు దొడ్డు వెలయు కళ్లములోనే పలుకును. సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనసు ప్రకటించి, 2025 ఉగాది నుండి కార్డులపై సన్నబియ్యమిచ్చుట ఆరంభించిన ఇప్పటి ప్రభుత్వము, బజారు చెప్పవలసిన మాటను తాను చెప్పబూనినది. ఎంత ఖర్చుతో చెప్పుచున్నదనునది వేరు మాట.

అయితే రైతుబంధులో ఒక పెద్ద లోటు కలదు. ఆ సొమ్ము చేరినది పట్టాదారునకు. నాగలి పట్టినది అనేకచోట్ల కౌలుదారుడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు కార్డు ఇచ్చుటకు భూయజమాని సంతకము కోరినది. సంతకము పెట్టినచో భూమి చేజారునేమో యని యజమాని వెనుదీయును. ఆ భయమునకు మూలము పాత కౌలుచట్టములలో నున్నది. తెలంగాణ ప్రాంతమున 1950 నాటి కౌలుచట్టము కొందరికి తప్ప భూమిని కౌలుకిచ్చుటనే నిషేధించినందున, చట్టము దృష్టిలో అక్కడ కౌలుదారుడన్నవాడు దాదాపు లేనట్లే. యజమాని హక్కునకు భంగము లేకుండ, కౌలుదారుని ఒప్పందమునకు రక్షణ కలుగునట్లు నీతి ఆయోగ్ 2016లోనే నమూనా చట్టమొకటి సిద్ధపరచి రాష్ట్రములకు పంపినది. స్వేచ్ఛా విపణిని కోరువారు వడ్ల వెలకంటె ముందు దీనికొరకు గొంతెత్తవలసి యుండెను, మేము ఎత్తలేదు. వడ్లు కొనుమని ధర్నాకు కూర్చున్న పక్షములలో ఒక్కటియైనను ఈ కౌలుచట్టమును మార్చుమని ధర్నాకు కూర్చున్నట్లు నాకు జ్ఞాపకము లేదు.