పుదుచ్చేరి పేరు మోసే అడవి పిట్ట

ఒక నగరపు కీర్తిని కోటలు, కోవెలలు చాటడం సహజం. పుదుచ్చేరి పేరును మాత్రం పిచ్చుకంత అడవి పిట్ట ఒకటి ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. ఆంగ్లంలో దానిని 'కామన్ వుడ్‌ష్రైక్' అంటారు. దాని శాస్త్రనామం 'టెఫ్రోడోర్నిస్ పాండిసేరియానస్'. మొదటి పదానికి బూడిదరంగు పక్షి అనీ, రెండవ పదానికి పాండిచ్చేరికి చెందినది అనీ అర్థం.

ఈ పేరు వెనుక చిన్న చరిత్ర ఉన్నది. మన దేశంలో పర్యటించిన ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు పియెర్ సొన్నెరా 1782లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో ఈ పిట్టను వర్ణించాడు. ఆ వర్ణన ఆధారంగా జర్మన్ శాస్త్రజ్ఞుడు గ్మెలిన్ 1789లో దీనికి లాటిన్ పేరు పెట్టాడు. 2006లో పాండిచ్చేరి అధికారికంగా పుదుచ్చేరి అయినది. కాని శాస్త్రనామాలలో తొలిపేరుకే ప్రాధాన్యం కనుక పిట్ట మాత్రం పాత పేరునే నిలుపుకొన్నది.

చూపులకు ఇది నిరాడంబరమైన పక్షి. బూడిద కలిసిన గోధుమవన్నె దేహం, కంటిపై తెల్లని వెడల్పాటి గీత, కంటి వెనుక నల్లని పట్టీ, తోకకు ఇరువైపులా తెల్లని ఈకలు, కొన వంగిన బలమైన ముక్కు దీని గుర్తులు. జంటలుగానో, చిన్న గుంపులుగానో కొమ్మలలో తిరుగుతూ ఆకులపైని గొంగళి పురుగులను, చిమ్మటలను, ఇతర కీటకాలను ఏరి తింటుంది. ఇతర చిరుపక్షుల గుంపులతోను కలిసి సాగుతుంది. ఈలవంటి మృదువైన స్వరాలను వరుసగా పలకడం దీని పాట.

దీని గూడు ఒక నేర్పరి పనితనం. కొమ్మల పంగలో నారతో చిన్న గిన్నెలా అల్లి, సాలెగూటి దారాలతో బిగించి, పైన బెరడు తునకలు అతికిస్తుంది. దూరం నుండి చూచిన వారికి అది కొమ్మపై కణుపువలె తోచును. సాధారణంగా మూడు గ్రుడ్లు పెడుతుంది.

దట్టమైన తడి అడవులు దీనికి నచ్చవు. పొడి అడవుల అంచులు, తోపులు, తోటలు దీని నివాసాలు. కోరమాండల్ తీరపు సహజ సంపదయైన ఉష్ణమండల శుష్క సతతహరిత వనాలు నేడు చాలవరకు అంతరించి తునకలుగా మిగిలినవి. పుదుచ్చేరికి సమీపాన పుత్తుపట్టు అయ్యనార్ వనం అట్టిది. మన శ్రీహరికోటలోను ఇట్టి అడవి కలదు. దేవునిదన్న భక్తితో గ్రామస్థులు గొడ్డలి పెట్టకపోవడం వల్లనే అయ్యనార్ వనం వంటివి నిలిచినవి. 1968లో స్థాపితమైన ఆరోవిల్‌లో, కోతకు గురైన ఎర్రనేలలపై నివాసులు నాటిన చెట్లు నేడు అడవిగా ఎదిగినవి.

ఈ పిట్ట ప్రస్తుతం అంతరించే జాతులలో లేదు. అయినను చెట్టు లేనిచోట పురుగు లేదు, పురుగు లేనిచోట ఈ పిట్టకు బ్రతుకు లేదు. పుదుచ్చేరి పేరు శాస్త్రగ్రంథాలలో ఎలాగూ ఉంటుంది. ఆ పేరు గల పిట్ట పాట ఆ ఊరి పిల్లలకు వినిపించాలంటే మాత్రం మిగిలిన వనాలను కాపాడుకొనవలసి ఉన్నది.