థర్మోస్టాట్ పీకేస్తే బండి చల్లబడుతుందా?

ఎండలు ముదిరితే నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ షెడ్లలో ఒకటే వైద్యం. పాత క్వాలిసో, సుమోనో, బొలెరోనో హీటెక్కుతోందని తీసుకెళ్తే బానెట్ ఎత్తీ ఎత్తకముందే తీర్పు వస్తుంది: "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకన్నా? అది చలి దేశాలోళ్లకు. తీసి పారేద్దాం." తీసేస్తారు. టెంపరేచర్ మీటరు ముల్లు కిందికి దిగుతుంది. ఓనరు సంబరంగా ఇంటికెళ్తాడు.

మన ఎండ 45 డిగ్రీలు దాటినా ఇంజన్ లెక్కలో అది చలే. థర్మోస్టాట్‌లోని మైనం కరిగి ఉబ్బి, రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వును తెరిచేది సుమారు 82 డిగ్రీల దగ్గర. పూర్తిగా తెరుచుకునేది 95 దగ్గర. నల్లగొండ మే నెల అక్కడికి సగం దారి. డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు, నొక్కిన గాలి వేడికే డీజిల్ అంటుకోవాలి. థర్మోస్టాట్ లేక సిలిండర్ గోడలు చల్లగా ఉంటే కాలీ కాలని డీజిల్ ఆ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తూ సంపులోకి దిగుతుంది. ఆయిల్ పల్చబడుతుంది, రింగులు, బోర్లు అరుగుతాయి, మైలేజీ పడిపోతుంది. ఇదంతా మెల్లగా జరుగుతుంది గనుక నింద థర్మోస్టాట్ పీకిన చేతి మీద ఎన్నడూ పడదు.

ఇంకా పెద్ద తమాషా ఉంది. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ చేసేది ఒక్క పని కాదు. పొలంలో మడవ తిప్పినట్టు, రేడియేటర్ దారి తెరుస్తూనే బైపాస్ దారి మూస్తుంది. క్వాలిస్ డీజిల్‌లాంటి బండ్లలో దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొన్ని నీళ్లు రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజన్లోకి తిరిగొస్తాయి. ఊళ్లో తిరిగినంతసేపు ముల్లు కిందే ఉంటుంది. మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. ఇంజన్ కాగి హెడ్ బెండయ్యాక ఫేసింగ్ ఖర్చు ఎవరిది?

"థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు జోరుగా పోయి రేడియేటర్‌లో చల్లారవు" అని వాదించే ఎదుటి పక్షమూ ఉంది. జోరు పెరిగితే వేడి దిగేది ఎక్కువే. మంచి మాటకు తప్పు కారణం చెప్పినా అది తప్పే.

నిజానికి మన బండ్లు ఎందుకు కాగుతున్నాయో రేడియేటర్ విప్పితే కనిపిస్తుంది. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్లు సన్న గొట్టాల్లో సున్నం కట్టి ఉంటాయి. నల్లగొండ నీళ్లనగానే అందరూ ఫ్లోరైడ్ మీద తోస్తారు గానీ, ఇక్కడ దోషం ఆ నీళ్ల కాఠిన్యానిది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. థర్మోస్టాట్ మూసుకుపోయి ఇరుక్కుంటే, నడిరోడ్డు మీద ఇంజన్ పూర్తిగా చల్లారాక దాన్ని తీసేసి మెల్లగా ఇల్లు చేరడం తెలివైన పనే. ఇల్లు చేరేదాకానే, కారు అమ్మేదాకా కాదు.

ఇక బోరు నీళ్ల బదులు పోయాల్సిన కూలెంట్ సంగతి. అది చలికాలానికే అనేది అబద్ధం. అది తుప్పునూ ఆపుతుంది. నీళ్లు కలపని వట్టి కూలెంట్ పోస్తే ఇంకా మంచిదనేదీ అబద్ధమే. కాగిన ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించేవాళ్లకు చెప్పేదేమీ లేదు.

పాత థర్మోస్టాట్ పనిచేస్తుందో లేదో తేల్చడానికి గిన్నె, నీళ్లు, థర్మామీటరు చాలు. గిన్నె అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి కాచండి. దాని మీద ముద్రించిన అంకె దగ్గర కదలడం మొదలుపెట్టి, నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకోకపోతే కొత్తది కొనండి, అదే అంకెది. బిగించేటప్పుడు మైనం బుడ్డి ఇంజన్ వైపుండాలి, గాలి పోయే సన్న రంధ్రం పైకుండాలి, రబ్బరు సీలు కొత్తది వేయాలి. ప్రెషర్ మూత స్ప్రింగు వదులైతే దాన్నీ మార్చండి. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ పోసి, ఇంజన్ నడిపించి గాలి వెళ్లగొట్టండి. ఇన్నాళ్లూ అడుగున పడున్న ముల్లు మధ్యకొచ్చి నిలుస్తుంది. అది చూసి కంగారుపడి మళ్లీ షెడ్డుకు పోకండి, అది ఉండాల్సింది అక్కడే.