జింకల వేటకు తొలి మజిల్ లోడర్

అమెరికాలో తెల్లతోక జింకల వేటకు ఒక్కొక్క రాష్ట్రము తన గడువులను తానే నిర్ణయించుకొనును. ఆ గడువులలో విల్లంబులకు కొన్ని దినములును, తూటాలతో పేలు ఆధునిక రైఫిళ్లకు కొన్ని దినములును పోగా, మూతినుండి మందును గుండును దట్టించి పేల్చు తుపాకులకు మఱికొన్ని దినములు చాల రాష్ట్రములలో ప్రత్యేకింపబడి యుండును. ఈ మూడవ తెగ తుపాకినే మజిల్ లోడర్ అందురు. మన పల్లెలలో నాటు తుపాకి యనబడునది ఈ కుదురులోనిదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి మన దేశమందు జింకను వేటాడుట శిక్షార్హమైన నేరము గనుక, ఇందు చెప్పబడునదంతయు అచ్చటి అడవులకును అచ్చటి చట్టములకును సంబంధించినదని పాఠకులు గ్రహింతురుగాక.

ఈ తుపాకిని తొలిసారి కొనువాడు సాధారణముగా అడుగు ప్రశ్న, ఇది ఎంత దూరము కొట్టునని. నా మట్టుకు అది రెండవ ప్రశ్న. ఈ తుపాకిలో ఉండునది ఒకే గుండు. అది గుఱి తప్పి జింకను గాయపఱచినచో, మరల దట్టించుటకు అర నిమిషమో అంతకు మించియో పట్టును. ఆలోపల ఆ ప్రాణి పొదలలో బడి, చావునొందక బాధపడుచు మైళ్లకొలది పోవచ్చును. కావున ఏ తుపాకి తన చేతిలో తడబాటులేక ప్రతిసారియు పేలునో, ఏ తుపాకితో మొదటి గుండే గుండెను గాని ఊపిరితిత్తులను గాని తాకునో, ఆ తుపాకినే వేటగాడు ఎన్నుకొనవలెను. ధరయు, సోయగమును, దూరమును దాని తరువాతివి.

ఎన్నికకు మొదటి హద్దు చట్టము. పెన్సిల్వేనియాలో 1974 నుండి చెకుముకి తుపాకులకై ఒక ప్రత్యేకమైన గడువు కలదు. క్రిస్మస్ గడచిన పిదప, మంచు కురియు దినములలో జరుగు ఆ వేటకు చెకుముకిరాయితో పేలునది తప్ప వేఱొక తుపాకి పనికిరాదు. కొలరాడోలో అంత కట్టడి లేకున్నను, మజిల్ లోడర్ గడువునందు దూరదర్శినియు, ప్లాస్టిక్ తొడుగు గల గుండ్లును, బిళ్లలుగా చేసిన మందును నిషిద్ధములు. మఱికొన్ని రాష్ట్రములలో ఇవన్నియు చెల్లును. ఈ నియమములు మాఱుచుండును గనుక, ఆ యేటి నిబంధనల పుస్తకమును చదువక దుకాణమునకు పోరాదు.

ఇక మందును అంటించు విధానమును బట్టి ఈ తుపాకులు మూడు తెగలు. అన్నిటికంటె పురాతనమైనది చెకుముకి తుపాకి. మీట నొక్కగనే గుఱ్ఱమను సుత్తి దవడలలో బిగించిన రాయి ఉక్కు పలకను గీచుచు దిగును. పలక వెనుకకు ఒరిగి, దాని క్రిందనున్న చిన్న పళ్లెము బయటపడును. రాలిన నిప్పురవ్వలు తగిలి పళ్లెములోని రంజకము, అనగా ముట్టింపు మందు, భగ్గుమనును. ఆ మంట గొట్టపు ప్రక్కనున్న సన్నని రంధ్రము ద్వారా లోనికి దూరి అసలు మందును ముట్టించును. ఇదంతయు క్షణములో జరుగునదే యైనను, కంటియెదుట మంట లేచినప్పుడు తల త్రిప్పక, గుండు వెడలువఱకు గుఱిని నిలుపుట నేర్చుకొనవలసిన విద్య. రంజకము చెమ్మగిల్లినచో తుపాకి పేలదు. ఇంతటి అందమైన యంత్రము మఱొకటి లేదని నా అభిప్రాయమే గాని, చట్టము నిర్బంధింపనిచో తొలి తుపాకిగా దీనిని నేను చెప్పను.

రెండవది పెర్కషన్ తుపాకి. ఇందు రాయికి బదులు, చిన్న రాగి టోపీ వంటి క్యాపును గొట్టపు మొదట నున్న మొనకు తొడుగుదురు. గుఱ్ఱము పడగనే అది పేలి నిప్పును లోనికి పంపును. సెయింట్ లూయీ నగరమందలి హాకెన్ సోదరుల రైఫిళ్లు ఈ తెగలో ప్రసిద్ధములు. మూడవది ఇన్‌లైన్. మిస్సోరీ వాసియగు టోనీ నైట్ 1985లో నిర్మించిన ఎం.కె.-85 తో దీనికి విశేషమైన ప్రచారము కలిగెను. ఇందు నిప్పు పుట్టు చోటు గొట్టమునకు సరిగా వెనుకనుండును. షాట్‌గన్ తూటాలలో వాడు 209 ప్రైమరును నేడు చాలవఱకు ఇందు వాడుదురు. వానలో నమ్మదగినది, శుభ్రపఱచుటకు సులభమైనది ఇదియే.

కొత్తవారు గమనింపని మర్మమొకటి గొట్టము లోపలి మెలికలలో నున్నది. నూనె గుడ్డలో చుట్టి దింపు గుండ్రని సీసపు గుండునకు నిదానమైన మెలిక, అనగా అఱువది అంగుళముల ప్రాంతమున ఒక చుట్టు, చాలును. పొడవైన గుండ్లకు ఇరువదియెనిమిది అంగుళములకొక చుట్టు వంటి వడిగల మెలిక కావలెను. నలువదియెనిమిది అంగుళములది మధ్యేమార్గము. మెలికకు తగని గుండును వాడి, తుపాకిని నిందించువారు పెక్కురు.

గొట్టపు వ్యాసము విషయమై ఎక్కువ చర్చ అక్కఱలేదు. అర అంగుళపు తుపాకి, అనగా యాభై క్యాలిబర్, జింకకు నిండుగా చాలును. దాని గుండ్లు ఎల్లెడల దొరకును. అందు వాడు గుండ్రని గుండు ఇంచుమించు 177 గ్రెయిన్లు, అనగా పదునొకండున్నర గ్రాములు తూగును.

మందు విషయమున మాత్రము ఉపేక్ష పనికిరాదు. సురేకారము, బొగ్గు, గంధకము కలిసిన సంప్రదాయపు మందును గాని, తయారీదారు అనుమతించిన పైరోడెక్స్ వంటి ప్రత్యామ్నాయమును గాని వాడవలెను. ఆధునిక తూటాలలోని పొగలేని మందును పోసినచో గొట్టము బ్రద్దలై ప్రాణాపాయము కలుగును. డబ్బానుండి నేరుగా గొట్టములోనికి మందు వంపరాదు. లోపల మిగిలిన నిప్పుకణము డబ్బానంతటిని ముట్టింపవచ్చును. కొలపాత్రతోనే పోసి, గుండును కడ్డీతో మందుపై ఆనువఱకు దింపవలెను. నడుమ ఖాళీ మిగిలినను గొట్టము చీలు ప్రమాదము కలదు. అందుకే అనుభవజ్ఞులు, దట్టించినపుడు గొట్టపు మూతివద్దకు కడ్డీ యెంతవఱకు వచ్చునో అచ్చట ఒక గీత గీచి యుంచుకొందురు. క్యాపు గాని రంజకము గాని అన్నిటికంటె చివర పెట్టవలసినది.

తొలిసారి కొనువాడు నా సలహా నడిగినచో, చట్టమొప్పు చోట, యాభై క్యాలిబర్ పెర్కషన్ తుపాకిని తీసికొని, వేటకు ముందు వేసవియంతయు అట్టల గుఱిపై అభ్యసింపుమందును. మామూలు గుఱితో, గుండ్రని గుండుతో నూఱు గజముల లోపలనే ఆగుట మేలు. వరుసగా వేసిన గుండ్లన్నియు అఱచేతి వెడల్పులో పడు దూరమేదో అదియే అతని హద్దు, అది యాభై గజములే యైనను.

పాత తుపాకిని చవుకగా కొనువారు గొట్టములోనికి దీపము దింపి చూడవలెను. ఈ మందు కాలగా మిగిలిన మసి గాలిలోని చెమ్మను పీల్చుకొని ఇనుమును తినివేయును. కాల్చిననాడే సబ్బునీటితో కడిగి, ఆరబెట్టి, నూనె పూయని తుపాకి మెలికలలో త్రుప్పు గుంటలు ఏర్పడి యుండును. అట్టి దానిని ఎంత చవుకకు ఇచ్చినను విడిచిపెట్టవలెను.