చిల్లు లేని అద్దం

తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరు మనకు కొత్త ఊరేం కాదు. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ నాయిక గోదాదేవి ఈ ఊరి ఆడపడుచే. స్వామికి కట్టిన దండ ముందు తన మెడలో వేసుకుని, బావి నీళ్ళలో చూసుకుని మురిసిపోయేదట. ఆ బావిని గుడిలో ఇప్పటికీ చూపిస్తారు. ఇటు విరుదునగర్, అటు కోవిల్‌పట్టి వైపు తరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే కుటుంబాలున్నాయి. గోదాదేవికి బావి నీళ్ళే అద్దం; అక్కడైనా, మన తెలుగు రాష్ట్రాల్లోనైనా ఇప్పుడు పెళ్ళి జాకెట్ల మీదికే అద్దాలు ఎక్కాయి. వాటిలో జిగురుతో అంటించినవి నాలుగు ఉతుకులకే రాలిపోతాయి.

చేత్తో కుట్టే అద్దానికి చిల్లుండదు. కష్టమూ అందమూ రెండూ అక్కడే. అద్దపు బిళ్ళను గుడ్డమీద పెట్టి ఎడమ బొటనవేలితో నొక్కి పట్టాలి. అంచు పక్కనుంచి సూది పైకి తీసి, బిళ్ళ మీదుగా అడ్డంగా రెండు దారాలు, నిలువుగా రెండు వేయాలి. నిలువు దారాన్ని అడ్డం దారం చుట్టూ ఒకసారి మెలేసి లాగితే మధ్యలో చిన్న చదరం తేలుతుంది. మూలల మీదుగా ఇంకో నాలుగు వేసేవాళ్ళూ ఉన్నారు. అసలు కుట్టు ఆ తర్వాతే. చదరం లోంచి సూదిని దారాల కిందుగా దూర్చి, కాజా కుట్టినట్టు ముడి బిగించాలి. వెంటనే బిళ్ళ అంచున గుడ్డలో ఒక చిన్న పోటు. మళ్ళీ చదరంలోకి. బిగించినకొద్దీ దారాలు వెనక్కి జరిగి చదరం గుండ్రమవుతుంది.

కొత్తవాళ్ళు చెడగొట్టేది తొలి నాలుగు దారాల దగ్గరే. వదులుగా వేస్తే బిళ్ళ కదులుతుంది. మరీ అంచుకు వేస్తే, కుట్టు లాగగానే బిళ్ళ ఊడి చేతికొస్తుంది. అందుకే పట్టు మీద మొదలుపెట్టొద్దు. ముతక నూలు గుడ్డ, రూపాయంత బిళ్ళ చాలు.

బిళ్ళలకు గుజరాత్‌లోని కపడ్‌వంజ్ పేరుమోసింది. గాజును పెద్ద బుడగలా ఊది, లోపల పూత పోసి, పగలగొట్టి ముక్కలు చేస్తారు. ఆ ముక్కలో సన్నని ఒంపు మిగులుతుంది. ఆ ఒంపు ఇచ్చే మెరుపు ఫ్యాక్టరీ అద్దానికి రాదు.

ఎడ్లమీద ఉప్పు, ధాన్యం మోస్తూ దేశం తిరిగిన లంబాడీల ఆడవాళ్ళు తమ కాంచళి (రవిక), ఫేట్యాల (పావడాల) మీద అద్దాలు, గవ్వలు, నాణేలు కుట్టుకున్నారు. వాళ్ళలో కొందరు తమిళనాడులోనే, ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో స్థిరపడ్డారు. అక్కడ లంబాడీ కుట్టు ఒక దశలో ఒకరిద్దరు ముసలమ్మల చేతుల్లోనే మిగిలింది. 1993లో అక్కడ ట్రైబల్ హెల్త్ ఇనీషియేటివ్ ఆసుపత్రి పెట్టిన దంపతుల్లో ఒకరైన డాక్టర్ లలితా రేజీ చొరవతో ఆ పెద్దవాళ్ళే యువతులకు నేర్పారు. అలా ‘పోర్గై’ అనే సంఘం నిలబడింది. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

యూట్యూబ్‌లో సూది ఎటు తిప్పాలో కనిపిస్తుంది, దారం ఎంత బిగించాలో తెలీదు. ఆ బిగింపు తెలియాలంటే దగ్గర్లోని లంబాడీ తండాలో కుట్టు తెలిసిన పెద్దామె పక్కన కూర్చోవాలి. అయితే ఊరికే కూర్చోవద్దు, ఆమె రోజు కూలి ఆమెకు ఇచ్చి కూర్చోండి.